అలాస్కాలో పాల ధర, నల్లమలలో జీపు కిరాయి

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో టీచర్లకు వచ్చే జీతాలను రూపాయల్లోకి మార్చి ఈ మధ్య మీ పత్రికలో ఒక వార్త వేశారు. అందులో అలాస్కా పేరు కూడా ఉంది. ఆ పేపరు పట్టుకుని మా వీధివాళ్లు ముగ్గురు మా ఇంటికి వచ్చారు. "మీ బిడ్డ అక్కడే కదమ్మా, నెలకు 5 లక్షలంట కదా" అని అడిగారు. వాళ్లలో ఒకాయన తన చిన్న కూతురిని పంపుదామని ఒక కన్సల్టెన్సీలో అడ్వాన్సు కూడా కట్టి వచ్చాడు. ముగ్గురికీ చాయ్ ఇచ్చి, నా నోటుపుస్తకం తీసి ముందు పెట్టాను. అందులో ఉన్నదే మీకూ రాస్తున్నాను.

నేను పోస్టల్ డిపార్ట్‌మెంట్‌లో 34 ఏళ్లు చేసి సబ్ పోస్ట్‌మాస్టర్‌గా రిటైరయ్యాను. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఏడు ఆఫీసులు తిరిగాను. సాయంత్రం క్యాష్ టాలీ కాకపోతే ఇంటికి పోలేని ఉద్యోగం కాబట్టి, ప్రతి ఖర్చూ రాసుకోవడం అలవాటైపోయింది. 2024 ఫిబ్రవరిలో బిడ్డ డెలివరీకని అలాస్కాలోని బెతెల్ అనే ఊరికి వెళ్లి జూన్ నెలాఖరు దాకా ఉన్నాను. మా బిడ్డ అక్కడ లెక్కల టీచర్. మొదటి రెండేళ్లు నది దిగువన ఒక చిన్న పల్లెలో చేసి, తర్వాత బెతెల్‌కు మారింది.

బెతెల్ చేరాలంటే అలాస్కాలో పెద్ద నగరమైన యాంకరేజ్‌లో విమానం మారాలి. అక్కడి నుంచి పడమరకు 640 కిలోమీటర్లు. రోడ్డు లేదు, రైలు లేదు. కుస్కోక్విమ్ అనే పెద్ద నది ఒడ్డున ఉన్న ఊరు. 2020 జనాభా లెక్కల్లో 6,325 మంది, అంటే మా దేవరకొండలో నాలుగో వంతు కూడా లేదు. అయినా చుట్టూ ఉన్న 50కి పైగా పల్లెలకు అదే పట్నం. ఆస్పత్రికైనా, పెద్ద అంగడికైనా, విమానానికైనా అక్కడికే రావాలి. ఆ పల్లెల్లో ఉండేది ఎక్కువగా యూపిక్ ఆదివాసులు.

నేను దిగిన రోజుల్లో పొద్దున 10 గంటలకు గానీ తెల్లవారేది కాదు. నది గడ్డకట్టి ఉంది. దాని మీదే మంచు చదును చేసి దారి వేస్తారు. కార్లు, ట్యాక్సీలు ఆ నది మీదే పక్క ఊళ్లకు పోతాయి. ట్యాక్సీ కిరాయి మన షేర్ ఆటో లాగే మనిషికింత. మే నెలలో మంచు పగిలి కదిలింది. అప్పుడు కొన్నాళ్లు నది మీద కారూ పోదు, పడవా పోదు. ఆ తర్వాత ఎండాకాలంలో సరుకుల పడవలు వస్తాయి. చలికాలానికి కావలసిన డీజిల్, పెట్రోలు అప్పుడే తెచ్చి నింపుకోవాలి. ఆ పడవ వచ్చినప్పుడు ఏ రేటు ఉంటే దాదాపు ఏడాదంతా అదే రేటు భరించాలి. జూన్‌లో రాత్రి 12 దాటాక పొద్దు గుంకేది. చంటిపిల్లను నిద్రపుచ్చడానికి కిటికీలకు దుప్పట్లు కట్టేవాళ్లం.

ఇక నోటుపుస్తకం. గ్యాలన్ పాలు 11 డాలర్లు. గ్యాలన్ అంటే మూడు లీటర్ల ముప్పావు, అంటే లీటరు 240 రూపాయలు పడ్డట్టు. ఒక గోబీపువ్వు 9 డాలర్లు, అదీ అంచులు నల్లబడింది. టమాట పౌను (అరకిలోకు కొంచెం తక్కువ) 5 డాలర్లు. యాంకరేజ్‌లో 22 డాలర్లకు చూసిన 20 పౌన్ల బియ్యం సంచి బెతెల్‌లో 41. పెట్రోలు గ్యాలన్ 7 డాలర్లకు పైన. రెండు గదుల ఇంటికి కిరాయి నెలకు 2,300 డాలర్లు, ఇల్లు వేడిగా ఉంచే నూనె ఖర్చు వేరే. ఇంట్లో హీటరు ఆగిపోతే ఒక రాత్రి కూడా గడవదు కాబట్టి ఆ ఖర్చు తగ్గించుకోవడానికి వీలే లేదు. బిడ్డ ఉన్న పాత పల్లెలో ఇవన్నీ ఇంకా ఎక్కువ. బెతెల్ దాకా పెద్ద విమానంలో వచ్చిన సరుకు అక్కడి నుంచి చిన్న విమానంలో పోవాలి మరి.

అన్నిటికంటే నన్ను పట్టుకున్నది నీళ్లు. అక్కడ నేల లోపల ఎప్పటికీ కరగని మంచు ఉంటుంది. పైపులు పాతితే నేల కదిలి విరిగిపోతాయి. అందుకే ఇళ్లు కూడా నేల మీద ఆనకుండా గుంజల మీద నిలబెడతారు. బెతెల్‌లో చాలా ఇళ్లకు ట్యాంకర్ వచ్చి నీళ్లు నింపిపోతుంది, ఇంకో బండి వచ్చి మురుగు తోడుకుపోతుంది. రెండింటికీ డబ్బు కట్టాలి. మా బిడ్డ ఇంట్లో ట్యాంకు వారానికి ఒకసారి నిండేది. బాలింత ఉన్న ఇల్లు, పసిపిల్ల బట్టలు, నేను తలంటు పోయాలంటే ముందు ట్యాంకు గేజీ చూసేదాన్ని. కొన్ని పల్లెల్లో ఆ ట్యాంకులు కూడా లేవు. ఇంట్లో బకెట్‌లోనే దొడ్డికి పోయి, దాన్ని మోసుకెళ్లి పారబోయాలి. అమెరికాలో ఈనాటికీ అలాంటి ఊళ్లు ఉన్నాయని చెబితే మా వీధివాళ్లు నమ్మలేదు.

నేను 1990లలో మర్రిగూడ వైపు పనిచేశాను. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకర్లు పోయిన పిల్లలు మనియార్డర్ ఫారాలు రాయించుకోవడానికి నా కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్లు. బోరు నిండా నీళ్లుండీ తాగడానికి పనికిరాక, తాగేనీళ్ల కోసం దూరం పోయేవాళ్లం. నీటికి డబ్బు కట్టడం, బిందె లెక్కన బతకడం నాకు కొత్త కాదు. మర్రిగూడలో నేర్చుకున్న పొదుపు బెతెల్‌లో పనికొచ్చింది.

జీతం సంగతి. అలాస్కాలో రాష్ట్రానికి కట్టే ఆదాయపు పన్ను లేదు, నిజమే. అయినా కేంద్రం పన్ను, కిరాయి, నూనె, నీళ్లు, కరెంటు, తిండి, చంటిపిల్లను చూసుకునే ఆమెకిచ్చేది, ఏడాదికోసారి ఇంటికొచ్చే టికెట్లు అన్నీ పోగా మా బిడ్డకు మిగిలేది హైదరాబాద్‌లో మంచి ప్రైవేటు స్కూల్లో పనిచేసే టీచరు మిగుల్చుకునే దానికంటే కొంచెమే ఎక్కువ. ఆ పిల్ల అక్కడ ఉండటానికి కారణం వేరు. ఆ స్కూలు పిల్లలంటే దానికి ప్రాణం, వాళ్లకు ప్రతి ఏడాదీ టీచరు మారిపోతుంటే చూడలేనంటుంది. నేను అడ్డుచెప్పను. కానీ అడ్వాన్సు కట్టిన ఆయనకు కన్సల్టెన్సీవాళ్లు పాల ధర చెప్పలేదు. పైగా 2025 సెప్టెంబర్‌లో అమెరికాలో ఉద్యోగానికి కావలసిన హెచ్1బీ వీసా కొత్త అర్జీలకు లక్ష డాలర్ల ఫీజు పెట్టారు. ఒక్క టీచరు కోసం ఏ పల్లె స్కూలు అంత కట్టగలదో, కట్టిన డబ్బు తీసుకున్నవాళ్లే ఆయనకు చెప్పాలి. దయచేసి ఇలాంటి వార్తలు వేసేటప్పుడు జీతం పక్కన కిరాయి, బియ్యం, పాల ధర కూడా వేయండి. ఆడపిల్లల తల్లిదండ్రులు అప్పుచేసి పంపుతున్నారు.

ఇంతటితో ఆపితే ఇది అమెరికా కష్టాల ఉత్తరం అవుతుంది. అక్కడ నేను చూసింది ఇంకొకటుంది. పోస్టాఫీసు మనిషిని కాబట్టి దాని మీదే నా మనసు నిలిచింది.

బెతెల్‌లో అంగడికి వచ్చే సరుకులో చాలావరకు పోస్టు మీద వస్తుంది. బియ్యం, పాలు, కూల్‌డ్రింకులు, డైపర్లు అన్నీ. దాన్ని బైపాస్ మెయిల్ అంటారు. అమెరికా మొత్తంలో ఇది ఒక్క అలాస్కాలోనే ఉంది, 1970ల నుంచీ నడుస్తోంది. అంగడివాళ్లు కనీసం 1,000 పౌన్లు, అంటే మన లెక్కలో 450 కిలోల దాకా, ఒక్కసారి ఆర్డర్ పెట్టాలి. యాంకరేజ్‌లోనో ఫెయిర్‌బ్యాంక్స్‌లోనో సరుకు చెక్క పలకల మీద కట్టి, పోస్టాఫీసు గడప తొక్కకుండా నేరుగా విమాన కంపెనీకి ఇచ్చేస్తారు. అందుకే బైపాస్ అన్న పేరు. అంగడి కట్టేది పార్శిల్ చార్జీ. విమానానికి అయ్యే అసలు ఖర్చు అంతకంటే చాలా ఎక్కువ, ఆ తేడా తపాలా శాఖ భరిస్తుంది. ఏటా కోట్ల డాలర్ల నష్టం. దేశంలో ఎక్కడున్నా పౌరుడికి తపాలా సేవ అందాలన్న సూత్రం మీద ఆ నష్టాన్ని మోస్తున్నారు. ఇది లేకపోతే నేను రాసుకున్న 11 డాలర్ల పాలు ఎంతయ్యేవో.

దీంట్లో లాభం ఎక్కువగా పెద్ద అంగళ్లకే పోతుందని అక్కడ వాదించేవాళ్లు ఉన్నారు. ఉండొచ్చు. మా బిడ్డ మాత్రం ఇంకో దారిలో సరుకు తెప్పించుకునేది. అమెరికా పోస్టులో దూరంతో పని లేకుండా ఒకే ధర ఉండే పెట్టెలు ఉంటాయి. డల్లాస్‌లో ఉన్న మా ఆడబిడ్డ కొడుకు ఆ పెట్టెలో కందిపప్పు, జొన్నపిండి, చింతపండు, ఎండబెట్టిన కరివేపాకు కుక్కి పంపేవాడు. పెట్టె డల్లాస్ నుంచి డల్లాస్‌కు పోయినా, బెతెల్‌కు పోయినా అదే చార్జీ. బాలింతకు పత్యం వంట ఆ పెట్టెల వల్లే జరిగింది.

ఆ పెట్టె చూసినప్పుడల్లా నాకు మన ఉత్తరం గుర్తుకొచ్చేది. మన దేశంలో 1854లో దూరాన్ని బట్టి తపాలా చార్జీ వసూలు చేయడం మానేశారు. అప్పటి నుంచి బరువును బట్టే. దేవరకొండలో వేసిన 5 రూపాయల కవరు పక్కనున్న కొండమల్లేపల్లికి పోయినా అండమాన్‌కు పోయినా అదే 5 రూపాయలు. అండమాన్‌కు మోసే ఖర్చు కొండమల్లేపల్లి కవరు కూడా కొంత భరిస్తుంది. నేను 34 ఏళ్లు అమ్మింది ఆ కవర్లే. ఉత్తరానికి ఒప్పుకున్న ఈ న్యాయం ఉప్పు ప్యాకెట్‌కు ఎందుకు ఒప్పుకోమని ఎప్పుడూ ఆలోచించలేదు, బెతెల్ పోయేదాకా.

అక్కడ కరెంటుకు కూడా ఇదే పద్ధతి. దాదాపు ప్రతి ఊరూ తన డీజిల్ ఇంజన్‌తో తనే కరెంటు తయారు చేసుకుంటుంది కాబట్టి యూనిట్ ధర మండిపోతుంది. 1985 నుంచి రాష్ట్ర ప్రభుత్వం పల్లె ఇళ్లకు ఆ తేడాలో చాలా భాగం భరించి, పట్నం ధరకు దగ్గరగా తెస్తోంది. ఇప్పుడు ఇంటికి నెలకు 750 యూనిట్ల దాకా. పేదరికం లెక్క కూడా అలాగే. 2024లో అమెరికా ప్రభుత్వం ఒంటరి మనిషికి పేదరికపు గీత ఏడాదికి 15,060 డాలర్లని పెట్టి, అలాస్కాకు మాత్రం 18,810 అని వేరే గీసింది. ఖర్చు ఎక్కువైన చోట పేదరికం కూడా ఎక్కువ ఆదాయం దగ్గరే మొదలవుతుందని ఒప్పుకోవడమే కదా ఇది.

మన దగ్గర లెక్క తలకిందులు. రేషన్ కార్డుకు ఆదాయం హద్దు పట్నంలో 2 లక్షలు, పల్లెలో లక్షన్నర. ఉద్యోగులకిచ్చే ఇంటి కిరాయి అలవెన్సు హైదరాబాద్‌కు ఎక్స్ క్లాస్, అంటే అన్నిటికంటే ఎక్కువ; దేవరకొండకు జడ్ క్లాస్, అంటే అన్నిటికంటే తక్కువ. ఊరు దూరమైతే ఖర్చు తక్కువ అన్నది మన ప్రభుత్వాల నమ్మకం. సొంత పొలం, సొంత పాడి ఉన్న ఊరికి అది సరిపోతుందేమో. నల్లమల అడవి లోపలి చెంచు పెంటకు, అంటే చెంచు ఆదివాసులుండే చిన్న గూడేనికి, అది సరిపోదు.

బిడ్డ డెలివరీ అయిన ఆస్పత్రిలో పల్లెల నుంచి వచ్చిన గర్భిణులను చూశాను. నెలలు నిండడానికి దాదాపు నెల ముందే వాళ్లను బెతెల్ రప్పించి, వాళ్ల కోసమే ఉన్న ఒక ఇంట్లో ఉంచుతారు. నొప్పులు వచ్చాక మంచులో విమానం కోసం ఎదురుచూసే పరిస్థితి రాకూడదని. వాళ్లలో ఒక అమ్మాయి మాకు దగ్గరైంది, మా బిడ్డ పాత పల్లెలో పదో తరగతి చెప్పిన పిల్లే. వాళ్లమ్మ పంపిన ఎండు సాల్మన్ చేప ముక్కలు నాకూ పెట్టింది. మన డిండి చేపల ఎండు ముక్కలలాగే, పొగ వాసనతో. ఆ చేపే వాళ్ల సంసారానికి ఆధారమట. చేప దొరికిన ఏడాది అంగడి ఖర్చు సగం తగ్గుతుంది, దొరకని ఏడాది ప్రతి ముద్దా కొనాల్సిందే. ఈ మధ్య చేప బాగా తగ్గింది. కుస్కోక్విమ్‌లో వల వేయడానికి గంటలు లెక్కపెట్టి అనుమతిస్తున్నారు. పక్కనున్న యూకాన్ నదిలో 2024లో కింగ్ సాల్మన్ వేటను ఏడేళ్లు ఆపుతూ ఒప్పందం చేసుకున్నారు.

ఆ అమ్మాయి ఇంకో మాట చెప్పింది, నేను రెండుసార్లు అడిగి ఖాయం చేసుకున్నాను. మన రేషన్ లాగా పేదలకు ఇచ్చే ఫుడ్ స్టాంపులతో అలాస్కా మారుమూల పల్లెల్లో వల, గాలం, తాడు, కత్తి కూడా కొనుక్కోవచ్చట. తుపాకీ మాత్రం కొనకూడదు. మనిషి తన తిండి తను తెచ్చుకునే సాధనం కూడా తిండితో సమానమని చట్టంలోనే రాశారు. మన చెంచులు తేనె తీయడానికి కొండ అంచు మీద నుంచి తాడు పట్టుకుని దిగుతారు. ఆ తాడు మన ఏ రేషన్ షాపులోనైనా దొరుకుతుందా?

ఇక నేను చెప్పుకోవాల్సిన సంగతి ఒకటి ఉంది. నల్లమల అంచున ఒక ఆఫీసులో పనిచేసేటప్పుడు పింఛన్ల రోజు లోపలి పెంట నుంచి ఒక అవ్వ వచ్చేది. పింఛన్ 2,016 రూపాయలు. వేలిముద్ర పడదు, పడినప్పుడు సర్వర్ ఉండదు. ఆ రోజు సాయంత్రం నాలుగైంది, "రేపు రా అవ్వా" అన్నాను. ఆమె కౌంటర్ ముందే నిలబడి, "జీపుకు 200 పెట్టిన బిడ్డా, మళ్ల 200 ఏడికెల్లి తేవాలె" అంది. ఆ రాత్రి ఆఫీసు అరుగు మీదే పడుకుంది. తెల్లారి వేలిముద్ర పడింది. డబ్బు తీసుకుని ఉప్పు, మంచినూనె, కారం కొనుక్కుని జీపు ఎక్కింది. పోను రాను కిరాయి 400 పోగా ఆమె పింఛన్ 1,616. అదే పింఛన్ తీసుకున్న, జీపు అక్కర్లేని అచ్చంపేట అవ్వకు 2,016. నా రిజిస్టర్‌లో మాత్రం ఇద్దరికీ ఒకే అంకె వేసి సంతకం పెట్టాను. ఆ 400 తేడా నాకు కనబడలేదు. బెతెల్‌లో గోబీపువ్వు ధర రాసుకుంటున్న రోజు ఆమె ముఖం గుర్తుకొచ్చి చాలాసేపు పెన్ను కదల్లేదు.

అలాస్కాలో అంతా బాగుందని నేను అనను. 2025 అక్టోబర్‌లో ఒక తుఫాను శేషం కిప్‌నక్, క్విగిల్లింగాక్ అనే తీర గ్రామాలను ముంచెత్తింది. ఇళ్లు గుంజల మీద నుంచి లేచి జనంతో సహా కొట్టుకుపోయాయి. 1,500 మందికి పైగా ఊళ్లు విడిచారు, ఎంతోమందిని విమానాల్లో యాంకరేజ్ తరలించారు. ఆ రోజుల్లో బిడ్డ ఫోన్ చేసి మాట్లాడలేక ఏడ్చింది. దాని దగ్గర చదువుకున్న పిల్లల చుట్టాలు ఆ ఊళ్లలో ఉన్నారు. అలాంటి చోట మనుషులు ఎందుకుండాలి, పట్నానికి రావచ్చు కదా అని అడిగేవాళ్లు అక్కడా ఉన్నారు, మన నల్లమల గురించీ ఉన్నారు. వేల ఏళ్లుగా ఆ నదిని, ఈ అడవిని నమ్ముకుని బతికినవాళ్లను మనం తర్వాత వచ్చి అడగదగ్గ ప్రశ్న కాదది.

కాబట్టి నేను అడిగేవి కొంచెమే. గిరిజన సహకార సంస్థ డిపోల్లో అమ్మే ఉప్పు, నూనె, పప్పు, సబ్బు అడవి అంచున ఉన్న మన్ననూరు ధరకే లోపలి పెంటలో చేరాలి, మోసే ఖర్చు ప్రభుత్వం పెట్టుకోవాలి. పింఛన్ పెంట దగ్గరే పంచాలి. సిగ్నల్ దొరకని చోట వేలిముద్ర బదులు ఇద్దరు సాక్షుల సంతకంతో ఇవ్వాలి, మేము మనియార్డర్లు సాక్షి సంతకంతో ఇచ్చేవాళ్లం, ఎవరి పైసలూ పోలేదు. చెంచు గర్భిణులకు తొమ్మిదో నెల పడగానే ఆస్పత్రి పక్కన ఉండే చోటు, వెంట వచ్చే తల్లికి తిండి ఇవ్వాలి. తేనె తాడు, వల సబ్సిడీ మీద ఇవ్వాలి. అన్నీ కలిపినా మన ఔటర్ రింగ్ రోడ్డు మీద దీపాల కరెంటు ఖర్చంత కూడా కాదని నా నమ్మకం.

చివరగా మీకు ఒక విన్నపం. మీ విలేకరిని ఒక్కరోజు అప్పాపూర్ పెంటకు పంపండి. కిలో ఉప్పు, లీటరు నూనె, కిలో కందిపప్పు, బట్టల సబ్బు, ఒక తేనె తాడు, పింఛన్‌కు పోయి వచ్చే జీపు కిరాయి మన్ననూరులో ఎంత, పెంటలో ఎంత అని రెండు వరసలుగా రాయించి, జీతాల వార్త వేసిన పేజీలోనే వేయండి. పంపే రోజు నాకు ముందుగా చెబితే నేనూ వెంట వస్తాను. ఆ అవ్వ ఉంటే కలవాలి.

ఇట్లు,
విశ్రాంత సబ్ పోస్ట్‌మాస్టర్,
దేవరకొండ, నల్లగొండ జిల్లా